మంచం ఎక్కడుందో అడుగు

మా లెక్కల మాష్టారు పోయారు. ఆదివారం పొద్దున్న నేను పప్పు కడుగుతుంటే ఫోన్ మోగింది. చేసింది మాష్టారి భార్య. ఆవిణ్ణి మేమందరం అమ్మగారు అంటాం. "పాపా, మాష్టారు ఎల్లిపోయారే" అన్నారు. నేనింకా నోరు తెరవక ముందే, "రేపు సిస్టర్ని పంపొద్దని సెప్పీ అమ్మా" అన్నారు. ఏడవడానికన్నా ముందు ఆవిడకి గుర్తొచ్చింది అది. రేపు పొద్దున్నే బండి గుమ్మంలో ఆగి, కట్టు మార్చడానికి సిస్టర్ పెట్టె పట్టుకుని దిగితే ఆ పిల్లకి ఏం చెప్పాలి అని.

ఇది చదివేవాళ్ళలో చాలామందికి ఆయన తెలియరు. జంషెడ్‌పూర్‌లోనే మా బారిడీహ్ పేట దాటితే తెలియరు. ఆయన పుస్తకాలు రాయలేదు. సన్మానాలు చేయించుకోలేదు, ఎవరైనా చేస్తామంటే మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళి ఉండేవారే, ఆ సరదా కొంచెం ఉండేది. హిందీ మీడియం స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. సాయంత్రాలు ఇంటి వరండాలో ప్రైవేటు చెప్పేవారు. అక్కడే నేను ఆయనకి దొరికిపోయాను.

మా నాన్నలందరూ శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఇక్కడి స్టీల్ ప్లాంటులో పనికి వచ్చినవాళ్ళు. మేమేమో ఇంట్లో తెలుగు విని హిందీలో జవాబిచ్చే సంతానం. మాష్టారికి అది నచ్చేది కాదు, అలాగని తిట్టేవారూ కాదు. "గుణించడం హిందీలో గుణించుకో, నాకేటీ నష్టం నేదు. జవాబు మాత్రం తెలుగులో సెప్పు" అనేవారు. నేను "సతహత్తర్" అంటే చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని "ఏటీ?" అనేవారు. మళ్ళీ "సతహత్తర్" అంటే మళ్ళీ "ఏటీ?" చివరికి నేను ఏడుపు గొంతుతో "డెబ్భై ఏడు" అనేదాకా ఆ చెవుడు తగ్గేది కాదు. ఈ రోజు నేను ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాయగలుగుతున్నానంటే ఆ చెవుడి పుణ్యమే.

బోర్డు మీద ఆయన తప్పు ఎవరు పట్టుకుంటే వాళ్ళ పేరు మూల మీద పెద్ద అక్షరాలతో రాసేవారు. ఇంకొకరు ఇంకో తప్పు పట్టేదాకా ఆ పేరు అక్కడే ఉండేది. ఒక వానాకాలమంతా నా పేరే ఉంది. మా అమ్మ బంధువుల్ని కూడా తీసుకొచ్చి చూపించింది. పిల్లల్ని ఉత్సాహపరచడానికి మాష్టారు కావాలని తప్పులు చేస్తారని కొందరు అనేవారు. అదేం కాదు. ఆయన నిజంగానే తప్పులు చేసేవారు. తొందర మనిషి. కూడిక సగంలో ఉండగానే జవాబు రాసేసేవారు. కానీ తప్పు దొరికినప్పుడు ఆయన మొహం వెలిగిపోయేది. అలా వెలిగే పెద్దమనిషిని నేను తర్వాత ఏ ఆఫీసులోనూ చూడలేదు.

పెద్దయ్యాక నాకు దొరికిన ఉద్యోగం గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఆయన చివరి రోజులు దానితో ముడిపడి ఉన్నాయి. మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకి నర్సుల్ని పంపే సంస్థ ఒకటుంది. జార్ఖండ్‌లో చాలా ఊళ్ళలో పని చేస్తుంది. పుళ్ళకి కట్లు మార్చడం, ఇంజెక్షన్లు, గొట్టాలు శుభ్రం చేయడం. ఏ రోజు ఎవరికి నర్సు కావాలో ముందు రోజే తెలుస్తుంది. దగ్గర దగ్గర ఇళ్ళని ఒక గుంపుగా చేర్చి, ఒక్కో గుంపుకీ ఒక్కో బండి పంపాలి. ఆ గుంపులు కట్టే కంప్యూటర్ ప్రోగ్రాం నాది. వినడానికి చాలా తేలిక. నేనూ అలాగే అనుకుని ఒప్పుకున్నాను.

ప్రతి ఇంటికీ మ్యాపులో రెండు అంకెలు ఉంటాయి, అక్షాంశం, రేఖాంశం. రెండిళ్ళ మధ్య దూరం కట్టాలంటే భూమి గుండ్రమని గుర్తుపెట్టుకుని సైన్లు, కాస్‌లు, వర్గమూలాలు అన్నీ వెయ్యాలి. ఒక జతకైతే కన్ను మూసి తెరిచేలోగా అయిపోతుంది. కానీ నా ప్రోగ్రాం ప్రతి ఇంటికీ మిగతా ప్రతి ఇంటితోనూ దూరం కట్టేది. ఇళ్ళు వందల్లో ఉన్నప్పుడు బాగానే నడిచింది. వేలు దాటాక, పదివేలు దాటాక, కూలబడింది. పొద్దున్న బండ్లు బయల్దేరే వేళకి జాబితా తయారయ్యేది కాదు. డ్రైవర్లు టీ తాగి, ఇంకో టీ తాగి, నాకు ఫోన్లు చేసేవారు. బండి ఆలస్యంగా బయల్దేరితే చివరి ఇళ్ళకి వెళ్ళేలోగా డ్యూటీ టైం అయిపోతుంది. అంటే ఊరి చివర ఉన్న ముసలివాళ్ళ పుండు ఆ రోజుకి పాత కట్టుతోనే ఉంటుంది. నా లెక్క నిదానమైతే ఎవరి కాలు చీము పడుతుందో నాకు పేర్లతో సహా తెలుసు. అందుకే ఆ రోజుల్లో నాకు అన్నం సహించేది కాదు.

సరిగ్గా అప్పుడే మాష్టారి కాలికి షుగరు పుండు లేచింది. ఆయన పేరు కూడా మా జాబితాలోకి వచ్చింది. మొదట్లో ఒప్పుకోలేదు. సిస్టర్ తలుపు కొట్టి "పేషెంట్ కహాఁ హై?" అంటే, "పేషెంటెవులూ నేరు, మాష్టారున్నాడు" అని లోపల్నించి అరిచారట. అమ్మగారు చీవాట్లు పెట్టాక కాలు చాపారు. ఆ ఆదివారం చూడ్డానికి వెళ్ళాను. కాలు స్టూలు మీద పెట్టుకుని వరండాలో కూర్చున్నారు. చొక్కా జేబు ఇంకా సుద్దతో తెల్లగానే ఉంది. ప్రైవేటు మానేసి చాలా కాలమైనా సుద్దముక్క మానలేదు.

"మొకం ఏటి అలాగ పీక్కుపోయింది?" అన్నారు. చెప్పాను. రాంచీలో మా పెద్దాఫీసువాళ్ళు ఇంకా పెద్ద మెషిన్ తెప్పిద్దామంటున్నారని కూడా చెప్పాను.

ఆయన కాలు స్టూలు మీద సర్దుకున్నారు. "మన ఊరి జుగ్సలాయిలో ఇంటికీ, ఎక్కడో ధన్‌బాద్‌లో ఇంటికీ దూరం కడతన్నావా?"

"అన్ని జతలకీ కడుతున్నాను మాష్టారూ."

"ఎందుకూ? ఆళ్ళిద్దరూ ఒకే బండిలో పడరని నీకు తెలీదేటి?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. తెలుసు. పుస్తకాల్లో ఉన్న విషయమే. చేద్దాం చేద్దాం అని వాయిదా వేస్తున్న విషయం. "నాకు తెలుసు, కంప్యూటర్‌కి తెలియాలి కదా" అన్నాను.

"అయితే దానికి సెప్పు. లెక్క సెయ్యకుండా ఊరుకోడం కూడా ఒక లెక్కేనే. అదీ నేర్పాల" అని జేబులోంచి సుద్ద తీసి అరుగు మీదే గళ్ళు గీశారు. రాష్ట్రమంతా గళ్ళు. ఏ ఇల్లు ఏ గడిలో ఉందో ముందే రాసి పెట్టుకోవాలి. ఒక గడిలో ఉన్నవాళ్ళని ఆ గడిలోవాళ్ళతోనే పోల్చాలి. అంతే, ఇక ధన్‌బాద్ మొహం చూడక్కర్లేదు. గర్వంగా సుద్ద పక్కన పెట్టారు.

"గీతకి అటు ఒక ఇల్లు, ఇటు ఒక ఇల్లు ఉంటే?" అన్నాను. "పక్కపక్క ఇళ్ళే, మీ గీత వాళ్ళని విడదీసింది."

ఆయన గీత వైపు చూశారు. నా వైపు చూశారు. తర్వాత "ఏమేవ్, ఈ గుంట నా తప్పట్టింది!" అని లోపలికి కేకేశారు. అరుగు మూల మీద వంగి, కాలు నొప్పి అయినా సరే, నా పేరు రాశారు. చుట్టూ ఆనుకుని ఉన్న గళ్ళు కూడా చూస్తే సరిపోతుందని ఇద్దరం కలిసి తేల్చాం. అమ్మగారు టీ తెచ్చి, సుద్ద గళ్ళ మీద ఎక్కడ అడుగు పెట్టాలో తెలియక గుమ్మంలోనే ఆగిపోయారు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం వెళ్ళాను. చూడ్డానికి వెళ్తున్నానని ఇంట్లో చెప్పేదాన్ని. నిజానికి క్లాసుకి వెళ్ళినట్టే వెళ్ళేదాన్ని.

ఒకసారి ఆయన, "ఈ సైన్లూ కాస్‌లూ ఎందుకు?" అన్నారు. భూమి గుండ్రం కదా మాష్టారూ, మీరే చెప్పారు అన్నాను. "సెప్పాను. గుండ్రమే. కానీ ఈ అరుగు కట్టిన మేస్త్రీ భూమి గుండ్రమని సూసుకుని కట్టాడేటి? బల్లపరుపుగా కట్టాడు. నీ టీ ఒలికిందా? మన ఊరి మట్టుకి భూమి బల్లపరుపే." జీవితమంతా భూమి గుండ్రమని చెప్పిన మనిషి నోట ఆ మాట వినడం తమాషాగా ఉండింది. తూర్పు పడమర దూరాన్ని మాత్రం కొంచెం కురచ చెయ్యాలి, ఉత్తరానికి వెళ్ళేకొద్దీ రేఖాంశాలు దగ్గరవుతాయి కాబట్టి. ఆ కురచ ఎంతో ఊరికి ఒక్కసారి కట్టి పెట్టుకుంటే చాలు, ఆ ఊళ్ళో ఇళ్ళన్నిటికీ అదే వాడుకోవచ్చు. ఇంటింటికీ కట్టడం దండగ.

వర్గమూలం సంగతి కూడా అలాగే తేలింది. "ఇద్దర్లో ఎవులు పొడుగో తెలియడానికి టేపెందుకు? పక్కపక్కన నిలబెట్టు" అన్నారు. నిజమే. దూరం ఎంతో నాకు అక్కర్లేదు, ఎవరు దగ్గరో తెలిస్తే చాలు. వర్గాల్నే పోల్చుకుంటే మూలం తీసే పనే లేదు. ఇవన్నీ ఆయన కనిపెట్టినవి కావు, నేను కనిపెట్టినవీ కావు. ఈ పని చేసేవాళ్ళందరికీ తెలిసినవే. కానీ తెలిసినదాన్ని చేసే ధైర్యం నాకు ఆ అరుగు మీద వచ్చింది. తప్పు దొరికితే మూల మీద పేరు రాసుకుని నవ్వుకునే చోటు మనిషికి ఒకటి కావాలి. నాకు అది ఉండింది.

ప్రోగ్రాం పరుగెత్తింది. డ్రైవర్లు మొదటి టీ పూర్తిగా తాగకుండానే జాబితా వచ్చేస్తోందని ఫిర్యాదు చేశారు. ఇక హాయి అనుకుంటున్న వారంలోనే ఒక పొద్దున్న మళ్ళీ కూలబడింది. రాష్ట్రమంతా చకచకా నడిచి, మా ఊరి దగ్గరకొచ్చి బిగుసుకుపోయింది. చూస్తే ఒకే ఒక్క గడిలో ఇళ్ళు కిక్కిరిసి ఉన్నాయి. అది ఏ బస్తీయో కాదు. ప్లాంటు గేటు.

ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని మాష్టారి దగ్గరికి పరుగెత్తాను. "గేటుకాడ ఇంతమంది మంచాన పడిపోయారేటి?" అని అడిగారు. అడిగిన మరుక్షణం ఆయనకే అర్థమై, దగ్గొచ్చేదాకా నవ్వారు. "డ్యూటీకాడ్నించి నొక్కీసినారే! అమ్మకి బాగునేదని కొడుకు షిఫ్టుకెల్తా గేటుకాడ నిలబడి పేరు రాయించాడు. లొకేషన్ పంపమంటే పంపీసినాడు, ఆడున్న సోటే!"

నిజంగా అంతే. ఈ ఊళ్ళో కొడుకులకి ఖాళీ దొరికేది గేటు ముందు హాజరు పంచింగ్ లైన్లోనే. పక్కవాడు చెప్తే పక్కవాడు, అలా లైను లైనంతా అక్కడ నిలబడే అమ్మల పేర్లూ నాన్నల పేర్లూ ఫోన్లో నమోదు చేసేశారు. సిస్టర్ అప్పటికే చాలాసార్లు గేటు దాకా వెళ్ళి, అక్కణ్ణించి ఫోన్లు చేసుకుంటూ ఇళ్ళు వెతుక్కుంటోందట. చెప్తే ఎవరూ వినలేదని ఆ పిల్ల తర్వాత నా మీద అలిగింది.

"మీ ఫోన్లో ఏటని అడుగుతన్నారు?" అన్నారు మాష్టారు.

"మీ లొకేషన్ పంపండి అని."

"మరి ఆడి తప్పేటి? ఆడి లొకేషన్ ఆడు పంపాడు. ఫోనెక్కడుందో కాదే, మంచమెక్కడుందో అడుగు."

మర్నాడు ఆ ప్రశ్న అలాగే మార్చాం. 'మంచం ఉన్న చోటు చూపించండి' అని. హిందీలో కూడా అదే పెట్టాం. రాంచీ ఆఫీసులో ఇదేం భాష అన్నారు. గేటు దగ్గర గడి ఖాళీ అయిపోయాక ఇంకేమీ అనలేదు.

చివరి నెలల్లో ఆయనకి కోపం ఎక్కువైంది. పుండు ఆరినట్టే ఆరి మళ్ళీ తిరగబెట్టేది. మా లెక్కల మధ్యలో ఉన్నట్టుండి "ఇంక సాల్లే, పో" అనేవారు. నేను చెప్పులేసుకుని గేటు దాకా వెళ్తే, "వచ్చే ఆదివారం బేగి రా" అని వెనక నుంచి వినిపించేది. నేను ఆయన్ని ప్రేమించాను. ఆ మాట ఎప్పుడూ అనలేదు, అంటే మళ్ళీ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని "ఏటీ?" అనేవారేమో.

పోయిన ఆదివారమే దహనంతో సహా అన్నీ అయిపోయాయి. సోమవారం పొద్దున్న ఆఫీసుకి వెళ్ళి ఆయన పేరు జాబితాలోంచి తీశాను. ఆ పని ఇంకెవరితోనైనా చేయించవచ్చు. నేనే చేశాను. తర్వాత ప్రోగ్రాం నడిపాను. ఎప్పట్లాగే చిటికెలో అయిపోయింది. మ్యాపులో ఒక్కో ఇల్లూ ఒక్కో చుక్క, ఒక్కో గుంపుకీ ఒక్కో రంగు. బారిడీహ్ గుంపు ఆకుపచ్చ. భుయ్యాడీహ్ వైపు, సువర్ణరేఖ నది ఒడ్డున, ఒక్క చుక్క మాత్రం ఏ రంగూ లేకుండా బూడిద రంగులో మిగిలిపోయింది.

అక్కడ ఒక ముసలామె ఉంటుంది. కాలికి పుండు, రోజు విడిచి రోజు కట్టు. మొన్నటిదాకా ఆమె కూడా ఆకుపచ్చే. నా నియమం ప్రకారం గుంపులో ఉన్న ఏదో ఒక ఇల్లు దగ్గరగా ఉంటేనే ఇంకో ఇల్లు ఆ గుంపులోకి వస్తుంది. ఆమెకి అంత దగ్గరగా ఉన్న ఇల్లు ఒక్కటే, మాష్టారిది. ఆయన చుక్కని పట్టుకునే ఆమె ఇన్నాళ్ళూ బారిడీహ్ బండిలో ఉంది. ఆయన్ని తీసేసరికి ఆమె ఒంటరిదైపోయింది. బూడిద చుక్కలకి బండి లేదు.

ఆయన చుక్కని మళ్ళీ పెట్టేద్దామనిపించింది. ఒక్క నొక్కు. ఎవరికీ తెలియదు, తెలిసినా ఎవరూ తప్పనరు. కానీ అప్పుడు సిస్టర్ రోజూ అమ్మగారి తలుపు కొట్టాలి. లేదా కొట్టొద్దని రోజూ నేను ఫోన్ చెయ్యాలి. పోయిన మనిషిని ఉన్నట్టు రాసి లెక్క సరిపెట్టడం, అది ఆయన నాకు నేర్పిన పని కాదు. తప్పు ఆయన లేకపోవడంలో లేదు, నా నియమంలో ఉంది.

కూర్చుని ఇంకో నాలుగు వరుసలు రాశాను. ఎవరికీ దగ్గర కాక మిగిలిపోయిన ఇళ్ళని మాత్రం విడిగా తీసుకోవాలి. వాళ్ళకి గళ్ళు లేవు, బల్లపరుపు భూమి లేదు. ఒక్కొక్కరికీ రాష్ట్రంలోని అన్ని గుంపులతోనూ పూర్తి దూరం కట్టాలి, సైన్లు, కాస్‌లు, వర్గమూలంతో సహా, గుండ్రటి భూమి మీద. ఏ గుంపు దగ్గరైతే దాని బండి వెళ్ళాలి. అలాంటివాళ్ళు ఎంతమందో లేరు కాబట్టి దానికేమీ టైం పట్టలేదు. అందరికీ అడ్డదారి లెక్క వేసి మిగిల్చుకున్న సమయం ఇలాంటి వాళ్ళకి ఖర్చుపెట్టాలని నాకు ఇంతకు ముందే తట్టి ఉండాల్సింది. తట్టలేదు. సోమవారం తట్టింది. బూడిద చుక్క ఆకుపచ్చ అయింది.

ఆ రోజు నేనూ బండెక్కాను. ఆఫీసులో కూర్చోబుద్ధి కాలేదు. మాష్టారి వీధి మలుపు దగ్గర డ్రైవర్ అలవాటుగా స్లో చేసి, గుర్తొచ్చి, మళ్ళీ వేగం పెంచాడు.

ఒడ్డు మీద సందులోకి బండి వెళ్ళదు. సిస్టర్, నేను నడిచి వెళ్ళాం. ముసలామె గుమ్మం ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. మమ్మల్ని చూడగానే, "రా తల్లీ రా. మాష్టారి కాడ్నించేనా వత్తన్నావు? ఆయనకెలాగుంది?" అంది.

నేను సిస్టర్ వైపు చూశాను. ఆ పిల్ల తల దించుకుని పెట్టె తెరుస్తూ చిన్నగా చెప్పింది. "దీదీ, నేను వెళ్ళినప్పుడల్లా ఇద్దరూ ఒకరి సంగతి ఒకరు అడుగుతారు. ఎప్పుడూ కలవలేదు. నేనే మోసేదాన్ని."

"నాదారిందని సెప్పమ్మా ఆయనకి" అంది ముసలామె, కాలు ఎత్తి చూపిస్తూ. "మొన్న అడిగించాడు, నీది ముందారుతాదా నాదారుతాదా సూద్దారని. నాదే ముందారింది. సెప్పు."

నేను ఆమె పక్కన మెట్టు మీద కూర్చున్నాను. చెప్పాను. ఎలా చెప్పానో నాకు గుర్తు లేదు, తెలుగులోనే చెప్పాను.

ఆమె ఏడవలేదు. ఎత్తిన కాలు మెల్లిగా కిందికి దించింది. తర్వాత, "ఆయనిల్లు ఏ పక్కన?" అని అడిగింది.

రేకుల కప్పుల మీంచి, ఆరేసిన బట్టల మీంచి, నేరుగా చెయ్యి చాపి చూపించాను. ఆమె కుర్చీ అటు తిప్పమంది. తిప్పాను. సిస్టర్ మోకాళ్ళ మీద కూర్చుని పాత కట్టు విప్పింది, కడిగింది, మందు రాసింది, కొత్తది కట్టడం మొదలుపెట్టింది. ఆ కట్టు పూర్తయ్యేదాకా ఆమె అటే చూస్తూ కూర్చుంది.